పిట్లం బస్సెక్కిన సగం ఫైలు

మేం ఇంటర్నెట్‌ను ఎర్రబస్సులో పంపేవాళ్లం అంటే ఇప్పుడు కంప్యూటర్ కోర్సులు చదివే పిల్లలు నవ్వుతారు. నవ్వండి. నవ్వడం అయ్యాక మాత్రం చివరిదాకా వినండి. నా ఉద్యోగ జీవితంలో నేను గట్టిగా "చేయను" అన్నది ఒక్కసారే. అది కూడా జీతమిచ్చే యజమానితో కాదు, జీతం లేని ఒక పనిలో. ఆ మాట అన్నందుకు ఆ పని నుంచి నన్ను తప్పించారు. ఇవాళ మళ్లీ అడిగినా అదే మాట అంటాను.

నాది లెక్కల ఉద్యోగం. మావాళ్లు కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద, కోటగిరి దగ్గర భూములు చేసుకున్నవాళ్లు; అలా వచ్చినవాళ్ల ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. నాకు పొలం అచ్చిరాలేదు. రైసుమిల్లులో గుమస్తాగా చేరాను. తొంభైల్లో మా యజమాని లెక్కల కోసం ఒక కంప్యూటర్ కొన్నాడు. దాన్ని నేర్పడానికి వచ్చిన కుర్రాడు మిల్లు దుమ్ము పడక తుమ్ముకుంటూ వెళ్లిపోయాడు. ఆ పెట్టె, నేను మిగిలాం. ఎవరూ నేర్పలేదు కాబట్టి తప్పు చేసి, ఎందుకు తప్పయిందో లెక్కకట్టి నేర్చుకున్నాను. కొన్నేళ్లకు యజమాని బాన్సువాడ బస్టాండు ఎదుట నెట్ సెంటర్ తెరిచి నన్ను అందులో కూర్చోబెట్టాడు. అప్పటికే నా తల సగం నెరిసింది.

నెట్ అంటే టెలిఫోను లైనే. మాట్లాడాలంటే నెట్ ఆపాలి, నెట్ కావాలంటే ఫోను మోగకూడదు. వాన పడితే లైను తెగేది, ఎండలు ముదిరితే కరెంటు తెగేది. ఒక సీడీ నిండే ఫైలు దించుకోవాలంటే ఎంతసేపు పడుతుందో లెక్కవేసి చూసుకున్నాను. అంతసేపు లైను తెగకుండా ఉన్న సందర్భం మా సెంటర్ చరిత్రలో లేదు.

అందుకని మూడు ఊళ్లవాళ్లం కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాం. బాన్సువాడలో నేను. పిట్లంలో చిన్న కంప్యూటర్ సెంటర్ నడిపే ఒకామె. బీడీలు చుట్టే ఇళ్ల ఆడపిల్లలకు తెలుగు టైపింగు నేర్పేది, అందరూ ఆమెను అక్క అనేవాళ్లు, నాకంటే చిన్నదైనా నేనూ అక్క అనే అనేవాణ్ణి. మద్నూర్‌లో, ఫోను బూతులోనే ఒక కంప్యూటర్ కూడా పెట్టుకున్న ఓనరు. సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడే మనిషి, ఆయన్ని మేం భావు అనేవాళ్లం. మద్నూర్ లైను ఎందుకో మా రెండింటికంటే గట్టిది. ఏదైనా పెద్ద ఫైలు కావాలంటే నేను ఇక్కడ మొదలుపెట్టేవాణ్ణి. లైను తెగేసరికి ఎంత వస్తే అంత ఒక హార్డుడిస్కులోకి కాపీ చేసి, గుడ్డలో చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి మద్నూర్ బస్సు కండక్టరు చేతికిచ్చేవాణ్ణి. భావు అక్కడ మిగతాది దించేవాడు. తిరుగు బస్సులో డబ్బా పిట్లంలో దిగేది.

ఆ పూర్తికాని ఫైలుకు మా మధ్య పేరు "సగం". పావు వచ్చినా సగమే, ముప్పావు వచ్చినా సగమే. లెక్కలవాణ్ణి కాబట్టి మొదట్లో ఈ మాట నాకు మింగుడుపడలేదు. తర్వాత నేనూ అలాగే అనడం మొదలుపెట్టాను. కండక్టరు డబ్బా అందుకుంటూ రోజూ ఒకే మాట అడిగేవాడు: "సార్, ఇయ్యాల ఏం కూర?" నేను సగం అనేవాణ్ణి. అతను డబ్బాను ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని, డ్రైవరు వెనక సీటు కింద జాగ్రత్తగా పెట్టేవాడు.

ఈ పద్ధతంతా ఒక ప్రోగ్రాం మీద ఆధారపడింది. నల్ల తెర మీద దాని పేరు, ఫైలు చిరునామా టైపు చేస్తే ఆ ఫైలును దించే ప్రోగ్రాం అది. దాని గొప్పతనం ఒక్కటే. మధ్యలో ఆగిన ఫైలును చూపిస్తే, చేతిలో ఎంత ఉందో కొలిచి, మిగతాది మాత్రమే అడిగేది. ఆ సగం ఎవరు దించారు, ఏ ఊళ్లో దించారు అని అడిగేది కాదు.

మా మూడు సెంటర్లలో నడిచేది లినక్స్. అది ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకుని పంచుకోగల సిస్టమ్. రకరకాల బృందాలు దానికి తమకు కావలసిన ప్రోగ్రాములు జోడించి ఒక మూటగా కట్టి విడుదల చేస్తుంటాయి. తెలుగు బాగా కనిపించాలన్న పట్టుదలతో పనిచేసే ఒక చిన్న బృందపు మూటను మేం వాడేవాళ్లం. ఆ మూటలో ప్రతి ప్రోగ్రాముకు ఒక బాధ్యుడు ఉంటాడు. అసలు ప్రోగ్రాం రాసేది ఎక్కడో ఎవరో. బాధ్యుడి పని దాన్ని ఈ సిస్టంలో ఇమిడేటట్టు ప్యాకేజీగా కట్టి, పరీక్షించి, తన సంతకంతో పంపడం. మా డౌన్‌లోడ్ ప్రోగ్రాముకు బాధ్యుడు దొరకడం లేదని మెయిలు వస్తే నేను చేయి ఎత్తాను. దాని మీద బతికేవాళ్లం మేమే కదా అనుకున్నాను. బృందంలో ఎవరి మొహమూ నేను చూడలేదు. సమన్వయకర్త హైదరాబాద్‌లో ఉండేవాడు. మర్యాద తెలిసిన మనిషి, పని తెలిసిన మనిషి. ఆయన మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు.

గొడవ ఇలా మొదలైంది. ఆ పాత ప్రోగ్రాం రాసినాయన దాన్ని వదిలేశాడు. అందులో ఒక భద్రతా లోపం బయటపడింది, సరిచేసే దిక్కు లేదు. దాన్ని ఇంకా మూటలో ఉంచడం తప్పని నేనూ ఒప్పుకున్నాను. ఈలోగా దాని వారసుడిలా కొత్త ప్రోగ్రాం ఒకటి వచ్చింది. అది ఒకే ఫైలును నాలుగు ముక్కలు చేసి నాలుగు చోట్ల నుంచి ఒకేసారి లాగుతుంది. చూస్తే ముచ్చటేసింది. ప్యాకేజీ కట్టి, ముందు మా మూడు ఊళ్లలో పరీక్షకు పెట్టాను.

మొదటి పరీక్షకు తెలుగు ఫాంట్ల కట్ట ఒకటి ఎంచుకున్నాం. బాన్సువాడలో మొదలుపెట్టాను, మామూలుగానే లైను తెగింది. డబ్బా మద్నూర్ వెళ్లింది. ఎప్పుడూ కూర్చుని మిగతాది దించే భావు ఆరోజు ఏమీ చేయకుండానే డబ్బాను పిట్లం పంపేశాడు. సాయంత్రం పిట్లం అక్క ఫోను చేసింది.

"అన్నా, బస్తా నిండుగనే ఉంది. ఇప్పి జూస్తే పొట్టు."

భావుకు ఫోను చేస్తే, ఫైలు సైజు నిండుగా కనిపించిందనీ, పూర్తయిన ఫైలుతో ఇంకేం పని అని పంపేశాననీ చెప్పాడు. అతని తప్పేమీ లేదు. ఆ సైజు నేను చూసినా అదే అనుకునేవాణ్ణి. మేం ముగ్గురం ఏళ్ల తరబడి సగాన్ని కొలిచింది సైజుతోనే.

కూర్చుని విప్పితే సంగతి తెలిసింది. కొత్త ప్రోగ్రాం దించడం మొదలుపెట్టగానే డిస్కు మీద మొత్తం ఫైలుకు సరిపడా జాగా ముందే ఆక్రమిస్తుంది. తర్వాత నాలుగు వైపుల నుంచి నింపుతూ వస్తుంది. ఎక్కడెక్కడ నిండిందో పక్కనే ఒక చిన్న చీటీ లాంటి ఫైలులో రాసుకుంటుంది. డబ్బా డిస్కులోకి ఫైలొక్కటే కాపీ చేసి పంపడం మా అలవాటు. చీటీ బాన్సువాడలోనే ఉండిపోయింది. చీటీ లేకుండా ఆ ఫైలును కొత్త ప్రోగ్రాముకు ఇచ్చి చూశాను. అది ఏమీ అడగలేదు. వచ్చినదాన్ని తుడిచేసి మొదటి నుంచి మొదలుపెట్టింది.

సొంతంగా తెగని లైను ఉన్నవాడికి ఇదేమీ నష్టం కాదు. ఫైలు పుట్టినచోటే పూర్తవుతుంది, చీటీ పక్కనే ఉంటుంది. బస్సెక్కే ఫైలుకే ఈ కష్టం.

ఇదంతా సమన్వయకర్తకు రాశాను. ఆయన జవాబు సూటిగా ఉంది. పాత ప్రోగ్రామును ఎలాగూ తీసేస్తున్నాం. మన సిస్టమ్‌ను కంప్యూటర్లో ఎక్కించే ఇన్‌స్టాలర్ చాలా చోట్ల పాత పేరుతోనే దాన్ని పిలుస్తుంది, అవన్నీ ఇప్పుడు మార్చే వ్యవధి లేదు. కాబట్టి కొత్త ప్రోగ్రామునే పాత పేరుతో కట్టి పంపండి, విడుదల దగ్గర పడింది అన్నాడు.

నేను పంపలేదు.

దీనికి కారణం నేను మిల్లులో నేర్చుకున్నదే. కొత్త బియ్యం చెడ్డవి కావు. కొత్త బియ్యమని రాసి అమ్మితే ఎవరికీ పేచీ లేదు. కానీ బస్తా మీద పాత బియ్యమని రాసి లోపల కొత్తవి పోస్తే, కొన్నావిడ పాత బియ్యానికి పోసినట్టే ఎసట్లో నీళ్లు పోస్తుంది. అన్నం ముద్దవుతుంది. ఆమెకు వంట రాదంటారు అందరూ. పాత పేరు టైపు చేసే ప్రతి మనిషి చేతిలో ఉన్న సగం భద్రమనే నమ్మకంతో టైపు చేస్తాడు. ఆ పేరు కింద సగాన్ని తుడిచేసే సరుకు పెట్టి నా సంతకం ఎలా చేయను?

నేను పంపకపోతే విడుదల ఆగుతుంది. విడుదల ఆగితే నష్టపోయేది ఎవరో కాదు, పిట్లం అక్క.

ఆ సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మండలాఫీసు పాత రికార్డులను తెలుగులో కంప్యూటర్లోకి ఎక్కించే పని బయటివాళ్లకు ఇవ్వబోతోంది. ఎవరి దగ్గర తెలుగు అక్షరాలు విరగకుండా టైపై, అచ్చు సరిగ్గా వస్తుందో ఒక రోజు పెట్టి చూస్తామన్నారు. మా పాత విడుదలలో ఒత్తులు కొన్ని పక్కకు జరిగిపోయేవి. కొత్త విడుదలలో అది సరిచేశారు. అక్క తన దగ్గర నేర్చుకునే అమ్మాయిల తల్లుల దగ్గరికి ఇల్లిల్లూ తిరిగి, పిల్లలకు కూర్చుని చేసే పని వస్తుంది, ఇంకొన్నాళ్లు బీడీల గంప ముందు కూర్చోబెట్టకండని ఒప్పించింది. ఆ రోజుకు కొత్త విడుదల ఆమె కంప్యూటర్లలో లేకపోతే పని వేరే ఊరివాళ్లకు పోతుంది, పిల్లలు గంప ముందుకు పోతారు.

నేను మొండికేసిన సంగతి భావు ద్వారా ఆమెకు తెలిసింది. మర్నాడు మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా సెంటర్లోకి వచ్చింది. పరీక్షా ఫలితాల కోసం కూర్చున్నవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. ఎవరినీ పట్టించుకోకుండా నా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అన్నా, నువ్వు సంతకం పెట్టకపోవట్టే గదా విడుదల ఆగింది?"

అవునన్నాను.

"మరి పెట్టరాదు. మీ క్యాంపోళ్లకు లెక్క దప్పితే అన్నం సయించదని అందరంటే ఏమో అనుకున్న. నీ ఒక్క లెక్క కోసం నా పిల్లల్ని గంపల మీదికి తోలుతవా?"

ఫలితాల కోసం వచ్చినవాళ్లు తెరలు వదిలేసి మా వైపు చూస్తున్నారు. నేను నీళ్లు తెప్పించాను. ఆమె తాగలేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను. సంతకం పెడితే విడుదల వస్తుంది, నిజమే. కానీ సీడీలో ఉండేది మొదటి మెట్టు మాత్రమే. తెలుగు ముక్కలన్నీ ఇన్‌స్టాలరే నెట్ నుంచి దించుకోవాలి, అదీ పిట్లం లైను మీద. దించేది ఈ కొత్త ప్రోగ్రామే. ఇన్‌స్టాలర్ కూడా మనలాంటిదే, తిరిగి మొదలుపెట్టినప్పుడు ఫైలును ఉంచుతుంది కానీ పక్కనున్న చీటీలను చెత్త అనుకుని ఊడ్చేస్తుంది. లైను తెగినప్పుడల్లా మళ్లీ మొదటికొస్తుంది. నీ లైను మీద అది ఎప్పటికీ ముగియదు అన్నాను.

ఆమె అప్పుడు నీళ్లు తాగింది.

"అంటే పెట్టినా మునుగుత, పెట్టకపోయినా మునుగుత."

"ఇప్పటికైతే అంతే అక్కా."

"గీ కొత్త దానికి ఏం రోగం? నా చేతికి ఎవలన్న సగం మూట తెచ్చిస్తే నేనేం జేస్త? ఉన్నకాడికి లెక్కవెట్టుకుంట, మిగిలింది అడుగుత. సమజ్ కాకపోతే పంపినోన్ని పిలిచి అడుగుత. అడగకుండ గుంతల పారవోస్తనా?"

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. అప్పటిదాకా నేను ఆలోచించింది పంపాలా వద్దా అన్న రెండే దారులు. ఆమె చెప్పింది మూడోది. కొత్త ప్రోగ్రామును మార్చక్కర్లేదు. దాని ముందు ఒక గుమస్తాను కూర్చోబెడితే చాలు. ఎవరైనా కొత్త పేరుతో పిలిస్తే లోపలికి పంపేయాలి, నాలుగు చోట్ల నుంచి లాగినా దాని ఇష్టం. పాత పేరుతో పిలిస్తే మాత్రం పాత మర్యాద పాటించాలి. జాగా ముందే ఆక్రమించకూడదు. ఒకే వైపు నుంచి వరసగా దించాలి, అప్పుడు ఫైలు సైజు ఎంత ఉంటే, నిజంగా దిగింది అంతే. చీటీ లేని సగం ఎదురైతే ఉన్నదాన్ని కొలుచుకుని మిగతాది అడగాలి. అదీ కుదరకపోతే, ముట్టుకోకుండా ఆగి, ఎందుకు ఆగిందో చెప్పాలి.

అక్క అక్కడే కూర్చుంది. నేను రాస్తుంటే మధ్య మధ్య లేచి కస్టమర్లకు ఫలితాలు చూపించి, ప్రింట్లు తీసిచ్చింది. రాసింది చిన్నదే, కొన్ని వరసలు. పరీక్షకు భావు దగ్గర పాత ప్రోగ్రాముతో దించిన సగం ఒకటి సాయంత్రం బస్సులో రప్పించాం. కొత్త ప్రోగ్రాం దాన్ని కొలుచుకుంది. ఆగినచోటి నుంచి అందుకుంది. అక్క తెర వైపు కొంచెం సేపు చూసి, "ఇగ జెర మనిషైంది" అంది.

విడుదలకు ప్యాకేజీలు తీసుకునే ఆఖరి రోజు పొద్దున్నే నా ప్యాకేజీ పంపాను. గంటలోపే తిరస్కరించినట్టు మెయిలొచ్చింది. ఫోను చేస్తాను, నెట్ ఆపండి అని కింద రాశాడు సమన్వయకర్త. ఆపాను. నెట్ పోయినందుకు కస్టమర్లు గొణిగారు. ఫోను మోగింది.

ఆయన గొంతు పెంచలేదు. బృందం నియమం గుర్తు చేశాడు. ప్యాకేజీ కట్టేవాడు అసలు ప్రోగ్రాం నడతను మార్చకూడదు. ఇవాళ మీ ఊరి బస్సు కోసం మీరు మారిస్తే, రేపు ఇంకొకరు ఇంకో కారణంతో మారుస్తారు, చివరికి ఏ ప్రోగ్రాం ఎలా నడుస్తుందో ఎవరికీ తెలియదు. పైగా పాత పేరు వాడేవాళ్లందరికీ వేగం తగ్గించారు, ఆ వేగం కోసమే కదా దీన్ని తెచ్చుకుంది అన్నాడు. అందులో ఒక్క మాట కూడా నేను తీసిపారేయగలిగింది కాదు. నియమం మంచిదే. నాకూ నియమాలంటే ఇష్టమే.

"మీరు మూట కట్టేవారండీ. సరుకు మార్చకూడదు," అన్నాడు.

"సరుకు మార్చలేదండీ. కొత్త పేరుతో పిలిస్తే అది ఎలా ఉందో అలాగే వస్తుంది. మూట మీద పాత పేరు రాయమన్నది మీరు. రాశాక, ఆ పేరు చూసి కొన్నవాడికి నేను జవాబుదారీని."

"మూడు ఊళ్ల కోసం అందరినీ ఆపుతారా?"

"ఆపడం లేదు. నా ప్యాకేజీ మీ దగ్గరే ఉంది. తీసుకోండి."

"ఈ గుమస్తా పని తీసేసి పంపండి. లేదంటే నేనే కట్టుకుంటాను."

"కట్టుకోండి. ఆపే అధికారం నాకు లేదు. కానీ దాని మీద నా సంతకం ఉండదు. ఎందుకు లేదో బృందంలో అందరికీ రాస్తాను. నేను మాత్రం చేయను."

మీ ఇష్టం, రాయండి అని ఫోను పెట్టేశాడు.

రాశాను. నా ఇంగ్లీషు బియ్యం బిల్లుల ఇంగ్లీషు. వర్ణనలు రావు. ఫైలు ఎక్కడ మొదలవుతుంది, ఏ బస్సు ఎక్కుతుంది, ఎక్కడ పూర్తవుతుంది, చీటీ ఎక్కడ ఉండిపోతుంది, దాంతో ఏం తుడిచిపెట్టుకుపోతుంది, ఇంతే రాశాను. బస్సు సంగతి చదివి నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకున్నా పర్వాలేదనుకుని పంపాను.

జవాబులు రావడం మొదలయ్యాయి. కొండ ప్రాంతంలో ఉండే ఒకాయన తాము పాల వ్యాన్లో పంపుకుంటామని రాశాడు. ఇంకొకామె, తన తమ్ముడు కాలేజీ నుంచి శనివారం తెచ్చే సగాన్ని ఇంట్లో పూర్తి చేస్తానని రాసింది. చీటీ సంగతి తనకు ఇప్పటిదాకా తెలియదట, రెండుసార్లు ఫైలు పాడైతే డిస్కు చెడిపోయిందనుకుందట. బస్సు మాకొక్కరికే ఉందనుకున్నాను నేను. వ్యతిరేకంగా రాసినవాళ్లూ ఉన్నారు. ఇలాంటి అతుకులతో మూటంతా బొంత అవుతుందని ఒకాయన గట్టిగానే రాశాడు.

మధ్యాహ్నం దాటాక సమన్వయకర్త దగ్గర నుంచి చిన్న మెయిలు. ఈ విడుదలకు మీ ప్యాకేజీ ఉన్నదున్నట్టుగా తీసుకుంటున్నాం. నియమం దాటారు కాబట్టి వచ్చే విడుదల నుంచి దీనికి వేరే బాధ్యుడు ఉంటారు. ధన్యవాదాలు.

అలాగే, ఉండనివ్వండి అని జవాబు రాశాను. అందులో బాధ లేదని చెప్పను. రాత్రింబవళ్లు కాకపోయినా, చాలా మధ్యాహ్నాలు ఆ పనికి పెట్టాను. కానీ వెనక్కి మాత్రం తగ్గలేదు.

విడుదల వచ్చింది. ఆ సీడీ ఫైలులో మొదటి సగం నేను దించాను. కండక్టరు కూరేంటని అడిగాడు. పెళ్లి భోజనం, కుదుపుల్లేకుండా తీసుకెళ్లు అన్నాను. ఆ డబ్బాను బస్సు దిగేదాకా ఒళ్లో పెట్టుకున్నాడని తర్వాత భావు చెప్పాడు. భావు పూర్తి చేసి పిట్లం పంపాడు. మండలాఫీసువాళ్లు చూడడానికి వచ్చే రోజు పొద్దున నేనూ పిట్లం వెళ్లాను. అప్పటికి అక్క కంప్యూటర్లన్నింటిలో మొదటి మెట్టు ఎక్కింది, తెలుగు ముక్కలు దిగుతున్నాయి. చివరి ముక్క అన్నింటికంటే పెద్దది, అది దిగుతుండగా లైను తెగింది.

గదిలో అమ్మాయిలు వరసగా కూర్చుని ఉన్నారు. అక్క నా వైపు చూడలేదు, ఫోను వైపు చూసింది. డయల్ టోను తిరిగి వచ్చేదాకా నిలబడి ఉంది. వచ్చాక ఇన్‌స్టాలర్‌ను మళ్లీ మొదలుపెట్టింది. తెర మీద అంకె సున్నా నుంచి మొదలైతే ఆరోజుకు అంతా ముగిసినట్టే. ఏళ్లుగా అంకెలు చూసి బతికినవాణ్ణి, ఆ క్షణంలో తెర వైపు చూడలేక గోడ వైపు చూశాను.

"అన్నా, ఎక్కడ ఇడిసిందో గక్కడ్నే పట్టుకుంది," అంది అక్క.

ఆఫీసువాళ్లు వచ్చేసరికి ఆ ముక్క పూర్తయింది. ఒక పెద్దమనిషి పాత కాగితం ఒకటి తీసి ఒక అమ్మాయిని టైపు చేయమన్నాడు. అందులో మద్నూర్ ఉంది, బిచ్కుంద ఉంది, ఒత్తులున్న ఊళ్లే అన్నీ. అమ్మాయి టైపు చేసి ప్రింటు తీసిచ్చింది. ఆయన కళ్లద్దాలు పైకెత్తి, కాగితం దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఏ ఒత్తూ పక్కకు జరగలేదు. పని ఎప్పటి నుంచి మొదలుపెడతారని అడిగాడు. అక్క, ఈరోజే కూర్చోమన్నా కూర్చుంటం సార్ అంది. ఆ అమ్మాయిల్లో చాలామంది ఆ పని ముగిసేదాకా అక్కడే చేశారు. ఇద్దరు తర్వాత సొంతంగా సెంటర్లు పెట్టుకున్నారు.

చెప్పాల్సింది ఇంకొంచెం ఉంది. తర్వాతి విడుదలకు కొత్త బాధ్యుడు వచ్చాడు. చురుకైన కుర్రాడు. నాకు మెయిలు రాశాడు: అయ్యా, ఈ వరసలు ఎందుకో అర్థం కావడం లేదు, తీసేస్తే ప్యాకేజీ శుభ్రంగా ఉంటుంది, అభ్యంతరమా అని. అభ్యంతరం చెప్పే హక్కు నాకు లేదు. వాదించడానికి ఓపిక కూడా లేదు. ఒక హార్డుడిస్కులో పెద్ద ఫైలు సగం, చీటీ లేకుండా ఎక్కించాను. గుడ్డలో చుట్టి మా టిఫిన్ డబ్బాలో పెట్టి, అతని చిరునామా తెప్పించుకుని కొరియర్లో పంపాను. ఒక కాగితం ముక్క జతచేశాను: "ఇది మా ఊరి సగం. నా వరసలు తీసేసి దీన్ని పూర్తి చేయగలిగితే, తీసేయండి."

చాలా రోజులు కబురు లేదు. డబ్బా పోయినట్టే అనుకున్నాం. అక్క కొత్త డబ్బా కొని, ఖర్చు నా ఖాతాలో వేస్తానని బెదిరిస్తోంది. ఒకరోజు పార్సిలు వచ్చింది. అక్క ఏదో పని మీద బాన్సువాడ వచ్చి ఉంది, ఆమే విప్పింది. డబ్బా తోమి పంపాడు. లోపల అదే గుడ్డలో డిస్కు. కంప్యూటర్‌కు తగిలించి చూస్తే ఫైలు పూర్తయి ఉంది. సైజును నమ్మకుండా, ఫైలు దించే చోటే రాసి ఉంచే సరిచూసే సంఖ్యతో పోల్చి చూశాను. సరిపోయింది. పక్కన చిన్న ఉత్తరం: "వరసలు లేకుండా రెండుసార్లు తుడిచిపెట్టుకుపోయింది. మీరు పంపిన సగాన్ని ముందే దాచుకున్నాను కాబట్టి బతికాను. వరసలతో పూర్తయింది. ఉంచేస్తున్నాను."

మా వైపు ఎవరి ఇంటి గిన్నె అయినా ఖాళీగా తిరిగి ఇవ్వరు. అక్క డబ్బా మూత పెడుతూ, "ఉత్త డబ్బ పంపలే. మంచి ఇంటి పిల్లగాడే," అంది.

ఆ ప్యాకేజీలో బాధ్యుడి పేరు ఉండేచోట నా పేరు తీసేశారు. సగాన్ని సగమని ఒప్పుకునే ఆ వరసలు మాత్రం తీయలేదు. తీసి ఉంటే ఇంకో డబ్బా పంపేవాణ్ణి.